అత్తగారికి హెచ్. పైలోరీ ఉందని తేలింది. నాలుగేళ్ల పాప కడుపునొప్పికీ అదే కారణమా?

మీ అత్తగారికి ఎండోస్కోపీలో (గొట్టం ద్వారా కడుపు లోపల చూసే పరీక్షలో) హెచ్. పైలోరీ అనే బాక్టీరియా బయటపడిందనీ, మీ పాప తరచూ బొడ్డు చుట్టూ నొప్పి అంటోందనీ, రక్తపరీక్ష చేయించి మందులు మొదలుపెట్టాలా అనీ అడిగారు. నేను వైద్యురాలిని కాను. మా అమ్మాయి విషయంలో ఇదంతా అనుభవించిన తల్లిగా రాస్తున్నాను.

పాపకు సోకి ఉండే అవకాశం నిజంగానే ఉంది. ఈ బాక్టీరియా ఎక్కువగా పసితనంలోనే, చాలావరకు ఇంట్లోవారి నుంచే జీర్ణాశయంలోకి చేరుతుంది. తల్లికి ఇది ఉండటం, ఇరుకు ఇంట్లో ఎక్కువమంది ఉండటం, పిల్లలు పెద్దలతో ఒకే పక్క మీద పడుకోవడం, శుద్ధి చేయని నీళ్లు తాగడం ముప్పును పెంచుతాయి. మేము రెండు గదుల అద్దె ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్లం. మా అమ్మ ఎంగిలి విషయంలో ఎంతో పట్టింపు గల మనిషి అయినా, మనవరాలికి మాంసం ముక్కను తాను నమిలి మెత్తగా చేసి పెట్టేది. తరువాత పరీక్షిస్తే అమ్మకూ నాకూ కూడా ఉందని తేలింది. సబ్బుతో చేతులు కడుక్కుని పెట్టే గోరుముద్దలు మానక్కర్లేదు. నమిలి పెట్టడం మాత్రం వెంటనే ఆపండి.

అయితే సోకినంత మాత్రాన నొప్పికి అదే కారణమని అనుకోకూడదు, ఎందుకంటే సోకిన పిల్లల్లో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. రక్తపరీక్షలో కనిపించే యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలు) క్రిమి పోయాక కూడా చాలాకాలం మిగులుతాయి కాబట్టి పిల్లల్లో దాని ఆధారంగా చికిత్స చేయకూడదు. మా అమ్మాయికి ఐదో ఏట ఒక క్లినిక్‌లో ఆ పరీక్ష చూసే వారం రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. నొప్పి తగ్గలేదు, మలబద్ధకానికి మందు వాడాక తగ్గింది. అప్పుడు ప్రశ్నించకుండా ఆ మందులు వేసినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఏడో ఏట, మూడు నెలలు ఐరన్ వాడినా హిమోగ్లోబిన్ 9 దాటకపోవడంతో పిల్లల గ్యాస్ట్రో వైద్యురాలు మిగతా కారణాలన్నీ చూసి, చివరికి ఎండోస్కోపీ చేసి జీర్ణాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్కను పరీక్షకు తీయించారు. అందులో ఈ క్రిమి ఉందని తేలింది. క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్ వంటి మందులకు ఈ క్రిమి లొంగకపోవడం మన దేశంలో ఎక్కువ కనుక, ఏ మందు పనిచేస్తుందో కల్చర్‌లో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) చూశాకే 14 రోజుల కోర్సు రాశారు. ఒక్క మోతాదూ తప్పకుండా వేశాం. ఆరు వారాల తరువాత, ఆమ్లం తగ్గించే మందు అప్పటికి రెండు వారాలుగా ఆపి ఉంచి, మలపరీక్ష చేయిస్తే క్రిమి లేదని వచ్చింది.

మీ పాప నొప్పితో రాత్రి నిద్ర లేస్తున్నా, పదేపదే వాంతులు చేసుకుంటున్నా, మలం నల్లగా వస్తున్నా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల గ్యాస్ట్రో వైద్యులకు చూపించండి. అవేవీ లేకపోతే ముందుగా మలవిసర్జన ఎలా ఉందో గమనించి, మీ పిల్లల డాక్టరుకు చెప్పండి. ఈలోగా మీ అత్తగారి చికిత్స పూర్తి చేయించి, కోర్సు అయిన కనీసం నాలుగు వారాలకు శ్వాసపరీక్ష గానీ మలపరీక్ష గానీ చేయించండి.