మహారచయిత చివరి రోజులు రాసేటప్పుడు

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ స్క్రిప్టు చదివాను. మీ ఊరి కవిగారి ఆఖరి రోజుల మీద సినిమా రాయాలన్న ఆలోచన బాగుంది. కాకపోతే ఇందులో అందరూ ఆయనకు దణ్ణం పెట్టేవాళ్ళే. ఆయన భార్య మాత్రం మొదటి సీను నుంచి గయ్యాళి. అక్కడే నాకు పేచీ.

టాల్‌స్టాయ్ చివరి ఏడాది మీద 2009లో ‘ద లాస్ట్ స్టేషన్’ అని వచ్చింది, దొరికితే చూడు. క్రిస్టఫర్ ప్లమర్ టాల్‌స్టాయ్, హెలెన్ మిరెన్ ఆయన భార్య సోఫియా. గొడవంతా రచనల హక్కుల మీద. అవి జనానివే కావాలంటారు పెద్దాయన, ఆయన శిష్యుడు చెర్ట్‌కోవ్. మరి పిల్లల మాటేమిటంటుంది ఆవిడ. 13 మందిని కని, ‘యుద్ధం-శాంతి’ని మళ్ళీ మళ్ళీ సాపు రాసిన మనిషి ఆవిడ. 1910 జూలైలో టాల్‌స్టాయ్ ఆవిడకు తెలియకుండా అడవిలో చెట్టు మోడు మీద కూర్చుని వీలునామా మీద సంతకం పెట్టారు. ఎవరిది తప్పంటావు? ఇద్దరి మాటా న్యాయమే అనిపించేదాకా ఆ సీను వదలకూడదు.

ఆ ఇంట్లో అందరూ డైరీలు రాసేవాళ్ళే. ఆయనా, ఆవిడా, డాక్టర్ మకోవిట్‌స్కీ, 23 ఏళ్ళ సెక్రటరీ బుల్గకోవ్ (నవలలు రాసిన బుల్గకోవ్ వేరు, కంగారుపడకు). మొగుడూ పెళ్ళాల పోట్లాటను కూడా పక్కనెవరో కూర్చుని రాసుకుంటుంటే ఆవిడకు ఒళ్ళు మండదా? ఆ సినిమా కథని ఈ కుర్రాడు బుల్గకోవ్ వైపు నుంచి చెప్పడం తెలివైన పని. వీరాభిమానిగా వస్తాడు, ఆవిడ బాధ చూశాక మధ్యలో నలిగిపోతాడు. నీ కథలో లేనిది ఇలాంటి మనిషే. అతనికి పెట్టిన ప్రేమకథ మాత్రం అతికించినట్టుంది. రేపు నిర్మాత అడిగినా నువ్వు అలాంటిది పెట్టకు.

ఇక నీ ఆస్పత్రి సీను. డైలాగులు మరీ ఎక్కువ. పాత రష్యా క్యాలెండర్ ప్రకారం అక్టోబర్ 28న తెల్లవారకముందే, 82 ఏళ్ళ వయసులో, డాక్టరును వెంటబెట్టుకుని టాల్‌స్టాయ్ ఇల్లు వదిలారు. రైల్లో జ్వరమొస్తే అస్తపోవో అనే చిన్న స్టేషన్లో దిగారు. స్టేషన్ మాస్టర్ తన ఇల్లిచ్చాడు. విలేకర్లు దిగిపోయారు, పాథే అనే సినిమా కంపెనీ కెమెరా కూడా వచ్చింది. చెర్ట్‌కోవ్‌ను లోపలికి రానిచ్చారు. ప్రత్యేక రైల్లో వచ్చిన భార్యను, 48 ఏళ్ళు కాపురం చేసినావిణ్ణి, ఆయనకు స్పృహ తప్పేదాకా రానివ్వలేదు. ఆవిడ బయట నిలబడి కిటికీలోంచి తొంగిచూడటం ఆ కెమెరాకు చిక్కింది. ఇందులో డైలాగు ఎక్కడ పెడతావు?

ఇలాంటివి సన్మాన సంచికల్లో దొరకవు. కవిగారి కూతురు ఉన్నారన్నావుగా, వెళ్ళి కూర్చో. ఇంటి ఖర్చు ఎవరు చూసేవారు, రాత్రిపూట మందులు ఎవరిచ్చేవారు, రాయల్టీ చెక్కు ఎవరి పేరున వచ్చేది, ఇవి అడుగు. వీలునామా ఉంటే చూపించమను. మొహమాటపడకు. ఆవిడ వద్దన్నది మాత్రం సినిమాలోకి రాకూడదు, అది ఎంత గొప్ప సీనైనా సరే.

ఆస్పత్రి జోలికి ఇప్పుడే వెళ్ళకు. ముందు పుస్తకాల హక్కుల గురించి భార్యాభర్తలు పోట్లాడుకునే సీను ఆవిడ వైపు నుంచి తిరగరాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, మెయిల్ చెయ్యి. ఫోన్లో చదివితే కళ్ళు లాగుతున్నాయి.

ఉంటాను.