అబ్బాయి కెర్నెల్ అంటున్నాడు, మేము ఏఐ అంటున్నాం

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. తోటివాళ్లంతా ఏఐ కోర్సులు చేస్తుంటే వీడు లినక్స్‌లో వచ్చిన 'ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్' అన్న ఒక్క మెసేజ్ పట్టుకుని రెండు వారాలుగా కూర్చున్నాడు. కెర్నెల్, డ్రైవర్ల పనిలోకే వెళ్తాడట. దేనికి భవిష్యత్తుందో రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: పోలుస్తాను గానీ, ఆ మెసేజ్ ఏమిటని అతన్ని ఒక్కసారైనా అడిగారా? ఉత్తరం చూస్తే అడిగినట్టు లేదు.

డిస్కో, నెట్‌వర్క్ కార్డో 'నా సంగతి చూడు' అని ప్రాసెసర్‌ను పిలవడమే ఇంటరప్ట్. ఆ పిలుపు వచ్చే లైన్ నంబరే ఐఆర్‌క్యూ, 'నోబడీ కేర్డ్' అంటే ఎవరూ పట్టించుకోలేదని. ఒకే లైన్‌ను రెండు మూడు పరికరాలు పంచుకోవచ్చు. పిలుపు రాగానే కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం, ఆ లైన్ మీదున్న డ్రైవర్లను (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రాములను) వరసగా అడుగుతుంది. అందరూ 'నాది కాదు' అంటే అది ఎవరికీ చెందని పిలుపు. ఒకటీ అరా వస్తే వదిలేస్తుంది. లక్ష ఇంటరప్ట్‌లలో అలాంటివి 99,900 దాటితే మాత్రం ఆ మెసేజ్ రాసి లైన్‌నే మూసేస్తుంది. లేకపోతే ఆ గోలలో ప్రాసెసర్‌కు వేరే పని సాగదు. చిక్కేమిటంటే, అదే లైన్ మీద బుద్ధిగా పనిచేస్తున్న పరికరాలూ మూగబోతాయి. లైన్ మీదున్న హ్యాండ్లర్ల (పిలుపును అందుకునే డ్రైవర్ భాగాల) పేర్లు లాగ్‌లో ఉంటాయి, తప్పు డ్రైవర్‌దా, బయాస్‌దా (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రాందా), బోర్డుదా అన్నది ఉండదు. దాన్ని వెతకడానికి రెండు వారాలు ఎక్కువేం కాదు.

మీ అసలు భయం ఏఐ గురించి కాదు, అబ్బాయి గుంపులో లేడని. ఆ టెన్షన్ మీది, అతని నెత్తిన పెట్టకండి. ఒకప్పుడు నేనూ అడిగినవాళ్లందరికీ ఏఐ అనే చెప్పాను. తర్వాత వాళ్ల ప్రాజెక్టులు చూస్తే చాలావరకు ఒకటే: రెడీమేడ్ లైబ్రరీని పిలిచి, ఎవరో ఇచ్చిన డేటా పోసి, వచ్చిన గ్రాఫ్ అతికించడం. మోడల్ ఎందుకు తప్పిందంటే మౌనం. గణితం ఇష్టపడి లోతుకు దిగేవాళ్లకు అది మంచి దారే, కాదనను. సర్టిఫికెట్ కోసం వెళ్లేవాళ్ల విషయంలోనే నాకు నమ్మకం తగ్గింది. అన్నట్టు, ఆ మోడళ్లు నడిచే చిప్‌లకూ డ్రైవర్లు ఎవరో రాయాల్సిందే.

ఇక పోలిక: కెర్నెల్ ఉద్యోగాలు తక్కువ, మొదటిది దొరకడం కష్టం, పోటీకి వచ్చేవాళ్లూ తక్కువే. సి భాష, హార్డ్‌వేర్ మాన్యువల్ చదివే ఓపిక ఉంటే చిప్‌లు, ఫోన్లు, వాహనాలు చేసే కంపెనీలు తీసుకుంటాయి. అబ్బాయి చెడిపోవడం లేదు, నిశ్చింతగా ఉండండి.

అనుమానం తీరకపోతే ఇవాళే ఒకటి అడగండి: పిలుపులను ప్రాసెసర్‌కు చేరవేసే పాత 8259 చిప్‌లో, పిలిచిన పరికరం ప్రాసెసర్ తిరిగి చూసేలోపే వెనక్కి తగ్గితే ఏమవుతుంది? ఐఆర్‌క్యూ 7 అని ఉత్తుత్తి నంబరు వస్తుందనీ, ఏ పిలుపు పని నడుస్తోందో ఆ చిప్ గుర్తుంచుకునే ఇన్-సర్వీస్ రిజిస్టర్‌లో 7వ నంబరు బిట్ చూస్తే గుట్టు తెలుస్తుందనీ చెప్పాలి. ఇంకొకటి. ఆ మెసేజ్‌లోనే 'ఐఆర్‌క్యూపోల్' అనే ఆప్షన్ పెట్టి బూట్ చేయమని సలహా ఉంటుంది. అది పెట్టాక మెసేజ్ ఆగిందని సంబరపడి వదిలేస్తే నాకు మళ్లీ రాయండి. ఎందుకు ఆగిందని ఇంకా తవ్వుతుంటే రాయనక్కర్లేదు.