పాప మాట మార్చిందా? ఇక అడగడం ఆపండి

మావయ్య తనతో తప్పుగా ప్రవర్తించాడని మీ మేనకోడలు మొన్న మీకు చెప్పి, ఇప్పుడు మాట మార్చిందని రాశారు. ఆమె మొన్న చెప్పింది అబద్ధం కాదు, ఇప్పుడు దాన్ని దిద్దుకోవడమూ కాదు. మీకు చెప్పాక వాళ్లమ్మ, నాన్నమ్మ, పెదనాన్న వరసగా కూర్చోబెట్టి అడిగారని మీరే రాశారు. అన్నిసార్లు అడిగితే తొమ్మిదేళ్ల పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. అందుకే "ఏం లేదు" అంటోంది.

1. "నువ్వు చెప్పింది నమ్మాను, తప్పు నీది కాదు." ఈ ఒక్క మాట చెప్పి ఊరుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ రోజు పాప అన్న మాటలు అన్నవి అన్నట్టే ఈ రాత్రికే తేదీ వేసి రాయండి. "మావయ్య తలుపు గడియ పెట్టాడు" అంటే అంతే రాయండి. పెద్దల మాటల్లోకి మార్చొద్దు, మీ ఊహ కలపొద్దు.

3. ఆ మావయ్య పాప ఉండే ఇంటి గడప తొక్కకూడదు. పాపను అతని ఎదుట నిలబెట్టి నిలదీయడం అసలొద్దు, దయచేసి.

4. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. తెలిసీ చెప్పకపోవడం పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం, 2012 ప్రకారం నేరం. పరువు పేరుతో ఊరి పెద్దలు చేసే రాజీ చెల్లదు.

5. పాపను మీ చీపురుపల్లి పోలీస్ స్టేషన్‌కు తిప్పక్కర్లేదు. పోలీసులే యూనిఫాం లేకుండా ఇంటికొచ్చి, వీలైనంతవరకు మహిళా ఎస్సైతో వాంగ్మూలం తీసుకోవాలి. వైద్య పరీక్షకు ఎఫ్ఐఆర్ దాకా ఆగక్కర్లేదు, ఆడపిల్లకు లేడీ డాక్టరే చేయాలి.