సాలీడు కాని సాలీడు గురించి

అమ్మాయీ,

పాతకాలపు సాలీళ్ళు, పురుగుల శిలాజాల మీద నీ వ్యాసం అందింది. చెయ్యి బాగుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. ముందే పొగిడేశాను కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను.

"భూమ్మీద పుట్టిన సాలీళ్ళన్నిట్లో పెద్దది మెగరాక్నే" అని మొదలుపెట్టావు. అది సాలీడే కాదమ్మా. ఆ సంగతి 2005లోనే తేలిపోయింది. పాత మాట ఇంకా ఇంటర్నెట్టు నిండా తిరుగుతూనే ఉంది గనక తప్పంతా నీదే అనను. ఆ పేరా కొట్టెయ్యమనీ అనను. నీ వ్యాసంలో చెప్పదగ్గ కథంతా అక్కడే ఉంది. నువ్వు దాని పక్కనుంచే వెళ్ళిపోయావు.

కథ ఇదీ. అర్జెంటీనాలో సాన్ లూయిస్ రాష్ట్రంలో, దాదాపు 30 కోట్ల ఏళ్ళనాటి రాళ్ళలో ఒక శిలాజం దొరికింది. 1980లో మారియో హ్యూనికెన్ అనే శిలాజ శాస్త్రజ్ఞుడు దానికి మెగరాక్నే అని పేరు పెట్టి, రాకాసి సాలీడని ప్రకటించాడు. ఆ రాయి మీద ఏం కనబడుతోందో చూడు. ముందువైపు ఒక పెంకు, దాని నడుమ రెండు గుండ్రటి కళ్ళ గుర్తులు, వెనక వెడల్పాటి పొట్ట, అక్కడక్కడా కాళ్ళ ముక్కలు. మిగతాది రాతిలోపల ఉండిపోయింది. ఎక్స్‌రేలు తీసి లోపలిది ఎలా ఉంటుందో అంచనా కట్టారు. ఒళ్ళు 34 సెంటీమీటర్లు, కాళ్ళు చాపితే అర మీటరు అన్నారు. మ్యూజియాలు దాని బొమ్మలు చేయించి గోడలకు తగిలించాయి. ఎందుకు తగిలించవు? పిల్లలు టిక్కెట్టు కొనేది అలాంటివి చూడ్డానికే.

తర్వాత అదే జీవిది రెండో నమూనా బయటపడింది. సాలీళ్ళ శిలాజాల్లో తలపండిన పాల్ సెల్డెన్ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. పెంకు మీద బొడిపెల తీరు, కాళ్ళకున్న కత్తివాదర లాంటి ముళ్ళు, ఆ కళ్ళ అమరిక సాలీడువి కావు. ఒకప్పుడు నీళ్ళలో బతికి, పూర్తిగా అంతరించిపోయిన 'సముద్రపు తేళ్ళు' ఉన్నాయే, యూరిప్టెరిడ్లు, వాటివి. పేరులో సముద్రం ఉన్నా వీటిలో కొన్ని మంచినీళ్ళలోనే ఉండేవి. మెగరాక్నే ఆ కోవలోది. 2005లో ఆ మాట చెప్పిన పరిశోధనా పత్రం మీద సంతకం పెట్టిన ముగ్గురిలో హ్యూనికెన్ కూడా ఉన్నాడు. పాతికేళ్ళ కిందట తానే సాలీడన్నదాన్ని కాదని తానే ఒప్పుకున్నాడు. ఇంత ముడిసరుకు చేతిలో పెట్టుకుని నువ్వు సెంటీమీటర్లు లెక్కపెడుతూ కూర్చున్నావు!

ఎంత పెద్దది, ఎంత పాతది అని పాఠకుడు ఎలాగూ అడుగుతాడు. ఒక్క వాక్యంలో చెప్పెయ్. ఆ తర్వాత రాతిలో కంటికి ఏం కనబడింది, దాన్నిబట్టి ఏమనుకున్నారు, ఏది చూసి మనసు మార్చుకున్నారు అన్నది రాయి. సైన్సు రాసేవాడికి అంతకన్నా మంచి కథనం దొరకదని నా నమ్మకం.

అట్టెర్కోపస్ గురించి నువ్వు రాసిన రెండు వాక్యాలూ ఇలాగే ఇరుకున పడ్డాయి. "38 కోట్ల ఏళ్ళనాటి తొలి సాలీడు" అన్నావు. న్యూయార్క్ రాష్ట్రంలో గిల్బోవా దగ్గరి రాళ్ళను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే తేలిన తునకలు తప్ప అక్కడ జంతువు మొత్తంగా ఏదీ దొరకలేదు. గోధుమరంగు చర్మపు ముక్కలు, మైక్రోస్కోపు కింద పెడితేగానీ కనబడనివి. అందులో ఒక ముక్క సన్నటి గొట్టంలా ఉంది. దాని మీద దారం బయటికి వచ్చే నాళికలున్నాయి. సాలీడు పొట్ట చివర దారం తీసే అవయవం ఇదేనని 1989లో ప్రకటించారు. 2008లో సెల్డెన్, విలియం షియర్, మార్క్ సటన్ మళ్ళీ చూస్తే అది అవయవం కాదు, చుట్టుకుపోయిన చర్మపు పలక. నాళికలు నిజమే, అంటే ఆ జీవికి దారం తియ్యడం వచ్చు. కాకపోతే సాలీడుకుండే మొటిమల్లాంటి అవయవాలు లేవు, పైగా వెనక కొరడాలాంటి తోక ఉంది. సాలీడుకు దగ్గరి చుట్టం, అంతే.

ఇక్కడ నువ్వు పదేళ్ళు ముందుకు దూకొచ్చు. 2018లో మయన్మార్ అంబర్‌లో, అంటే గట్టిపడిన చెట్టుబంకలో, కైమెరారాక్నే కనబడింది. దాదాపు 10 కోట్ల ఏళ్ళది. ఒళ్ళు మూడు మిల్లీమీటర్లు కూడా లేదు, తోక ఒంటికన్నా పొడుగు. దానికి తోకా ఉంది, దారం తీసే అవయవాలూ ఉన్నాయి. రెండు పరిశోధక బృందాలు ఒకేసారి రెండు పత్రాలు అచ్చేశాయి. ఇది సాలీడేనా, సాలీడుకు ముందుదా అన్న దగ్గర రెండిటికీ పొత్తు కుదరలేదు. ఆ తగువును చల్లారనివ్వకుండా అలాగే రాయి. నువ్వే తీర్పు చెప్పెయ్యనక్కర్లేదు. అన్నట్టు, ఆ అంబర్ వచ్చేది కచిన్ రాష్ట్రంలోని గనుల నుంచి. అక్కడి సాయుధ ఘర్షణ కారణంగా, 2017 తర్వాత అక్కణ్ణించి కొన్న అంబర్ మీద పత్రాలు అచ్చెయ్యడం ఆపాలని 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రజ్ఞుల సంఘం పత్రికలను కోరింది. ఆ సంగతి ఒక వాక్యమైనా నీ వ్యాసంలో ఉండాలి. శిలాజం ఎక్కణ్ణించి, ఎవరి చేతులమీదుగా వచ్చిందో చెప్పకుండా దాని అందం మాత్రమే చెప్పడం నాకు నచ్చదు.

చేతుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2019లో చైనా శాస్త్రజ్ఞులు ఈశాన్య చైనా నుంచి వచ్చిన ఒక పెద్ద సాలీడు శిలాజానికి పేరు పెట్టారు. ఫోటో చూడగానే సెల్డెన్‌కు అనుమానం వచ్చింది. కాళ్ళకు కణుపులు లెక్కకు మించి ఉన్నాయి, కళ్ళు మరీ పెద్దవి. అసలు నమూనాను ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద పెడితే రాయి ఒక రంగులో, శిలాజం ఒక రంగులో, ఎవరో పూసిన రంగు ఇంకో రంగులో వెలిగాయి. అది క్రేఫిష్, మన రొయ్యలకు దూరపు బంధువు. సరిగ్గా నిలవని శిలాజానికి కుంచెతో కాళ్ళు గీసి సాలీడుగా అమ్మేశారు. నీ వ్యాసంలో చిత్రకారుడు వేసిన భయంకరమైన బొమ్మ బదులు రాయి ఫోటో పెట్టమని నేను పోరేది అందుకే. బొమ్మలో ఎక్కడ ఆధారం ఆగిందో, ఎక్కడ ఊహ మొదలైందో చదివేవాడికి తెలీదు.

ఆక్సిజన్ పేరా తీసెయ్. "గాలిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి పురుగులు రాక్షసంగా పెరిగాయి" అని ఎంత ధీమాగా రాశావు! బొగ్గు అడవుల కాలంలో ఆక్సిజన్ ఎక్కువుండేదన్నది సరే. కానీ ఇంగ్లండులో నార్తంబర్లాండ్ తీరాన కొండచరియ నుంచి ఊడిపడిన బండలో ఆర్థ్రోప్లూరా ముక్క దొరికింది. అది మన రోకలిబండ జాతిదే. 2021లో దాని వివరాలు వచ్చాయి. దొరికిన ముక్క ముప్పావు మీటరు, మొత్తం జీవి రెండున్నర మీటర్ల పైనే అని అంచనా. దాని వయసు 32 కోట్ల ఏళ్ళు దాటింది. ఆక్సిజన్ పతాకస్థాయికి చేరకముందే అంత పెరిగిందన్నమాట. తిండి, పోటీ లేకపోవడం లాంటివీ లెక్కలోకి వస్తాయి. అన్నిటికన్నా నాకు నచ్చినది వేరే ఉంది. అది శవం కాకపోవచ్చు, విడిచిన కుబుసం కావచ్చునంటారు. కీళ్ళకాళ్ళ జీవులన్నీ పెరిగేటప్పుడు పైపెంకు వదిలేస్తాయి కదా. ఒకప్పుడు సముద్రాల్లో బతికి అంతరించిపోయిన ట్రైలోబైట్ కూడా అలాంటి జీవే, అదొక్కటే తన జీవితంలో ఎన్నో శిలాజాలు వదిలిపోగలదు. ఇది తెలిస్తే పాఠకుడు మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు ఇంకాసేపు నిలబడతాడు.

తెలుగు నేల సంగతి లేదని బెంగపడ్డావు. లేకపోతే లేదు, లాక్కొచ్చి కట్టెయ్యకు. అయినా ప్రాణహిత-గోదావరి లోయలో 'కోట' అని పేరున్న శిలలున్నాయి, జురాసిక్ కాలంవి. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ డైనోసారు అక్కడిదే. ఆ రాళ్ళలోనే పురుగుల అచ్చులూ, ఆల్చిప్పల్లాంటి పెంకుల మధ్య దాక్కుని బతికిన చిన్న చిన్న జలచరాల శిలాజాలూ ఉన్నాయి. డైనోసారు ముందు ఫోటోలు దిగే జనం వాటి పేరెత్తరు. అది వేరే వ్యాసం. కావాలంటే నువ్వే రాయి, కానీ దీంట్లో ఇరికించకు.

మొదటి పేరా అర్జెంటీనా రాయితో మొదలుపెట్టి, ఆర్థ్రోప్లూరా కొలతల పక్కన 'అంచనా' అని చేర్చి, వచ్చే ఆదివారంలోగా పంపించు. పొడుగు తగ్గించమని సంపాదకుడు అడిగితే ముందు విశేషణాలు తీసి చూడు. కుదరకపోతే అప్పుడు నాకు ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
మీ మాస్టారు