డెహ్రాడూన్ బండి ఎక్కే ముందు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. డెహ్రాడూన్ క్యాంపుకు పిలుపొచ్చిందట, ఇక ఐస్ హాకీయే నా బతుకుదెరువు అన్నావట, మీ నాన్న అప్పట్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదట. నాకు ముందు నవ్వొచ్చింది. ఎండాకాలం తారు కరిగే హనుమకొండలో పుట్టి మంచు మీద ఆడతానంటివి! తర్వాత గర్వంగా అనిపించింది. రాత్రయ్యేసరికి టెన్షన్ మొదలైంది. సర్కారు బడిలో పీఈటీగా పనిచేసి రిటైరైనదాన్ని, ఆటలొద్దని నేనెట్లా చెప్తా? వద్దనే మాట ఈ ఉత్తరంలో ఉండదు, భయపడకు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. పెరిగే కాలని ఒక సైజు పెద్ద స్కేట్లు కొనకు, మడమ కదలొద్దు. లోపల పలచటి సాక్సే వెయ్యి. ఆట అయినంక బ్లేడు తుడిచి ఆరబెట్టు, తుప్పు పడుతుంది. లేహ్ పోవాల్సి వస్తే దిగిన రోజే ఉరకకు. అది పదకొండు వేల అడుగుల పైన ఉంది, మొదటి రెండు రోజులు పడుకోవడమే నీ ప్రాక్టీస్. చక్రాల మీద నువ్వు ఇన్నేళ్లు నేర్చింది పనికొస్తుంది కానీ, ఆగడం మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మంచు మీద రెండు బ్లేడ్లూ అడ్డం తిప్పి పైపొరను గీరుతూ ఆగుతారు. అది రెండు వైపులా వచ్చిందాకా స్టిక్కు ముట్టుకోకు. అందరికీ ఒక పక్క తొందరగా వస్తుంది, రెండో పక్కకు బద్ధకిస్తారు. నువ్వు మరీ బద్ధకిస్తావు.

మెడ పట్టీ లేకుండా రింకులో, అదే ఆ మంచు మైదానంలో, దిగితే నేనే డెహ్రాడూన్ వచ్చి తంతా. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ నడుస్తుండగా ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడి మెడకు ఎదుటివాడి బ్లేడు తగిలింది. ప్రాణం దక్కలేదు. ఆ తర్వాతే అంతర్జాతీయ సమాఖ్య తన టోర్నీలన్నింట్లో మెడ పట్టీ తప్పనిసరి చేసింది. ఉక్కపోస్తుంది, గీరుకుంటుంది అని వంకలు పెట్టకు.

డబ్బుల సంగతి మీ నాన్న అడుగుతాడు, నిజం చెప్పు. అమెరికా, కెనడాల్లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగు పీడబ్ల్యూహెచ్ఎల్ 2024 జనవరిలోనే మొదలైంది. మొదటి సీజన్లో కనీస జీతం 35,000 డాలర్లు. మగవాళ్ల ఎన్‌హెచ్ఎల్‌లో కనీసమే ఏడు లక్షల డాలర్లు దాటుతుంది, తేడా నువ్వే చూసుకో. అక్కడి పిల్లలు నాలుగైదేళ్లకే మంచు ఎక్కుతారు, వాళ్లతో పోటీపడి చోటు సంపాదించడం మాటలు కాదు. మన దేశంలో ఈ ఆట ఆడేవాళ్లలో చాలామందికి ఆర్మీ, ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు పోలీసు దళం) ఉద్యోగాలే ఆసరా. అందుకే డిగ్రీ వదలకు, ఆడిన ప్రతి టోర్నీ సర్టిఫికెట్టు దాచు, ఏది ఏ ఉద్యోగానికి చెల్లుతుందో ముందే అడుగు. అయినా ఒకమాట. 2016లో మన ఆడపిల్లల జట్టు తొలిసారి తైపీ పోవడానికి జనం దగ్గర చందాలు పోగు చేసుకుంది. మరుసటేడు బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద మొదటి మ్యాచ్ గెలిచింది. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో ఆసియా కప్ కాంస్యం తెచ్చింది. ఎక్కువమంది లద్దాఖ్ పిల్లలే. వాళ్ల మధ్యలోకి మన ఓరుగల్లు పిల్ల పోతుందంటే... సరే, ఆ ముచ్చట మీ నాన్న ముందు ఎత్తను.

ఇప్పుడు అసలు మాట. నేను కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు పక్క మంచం పిల్ల ఒకామె ఉండేది. ఖోఖోలో ఆమె ఉరుకు చూస్తే మగపిల్లలు కూడా నోరు తెరిచేవాళ్లు. జోనల్ ఫైనల్లో స్తంభం పట్టుకుని తిరగబోయి జారింది, కణత స్తంభానికి కొట్టుకుంది. చుక్క రక్తం లేదు. మా కోచ్ సారు మొహం మీద నీళ్లు చల్లి, గ్లూకోజ్ తాగించి, మూడు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. మూడు అంది. పో అన్నాడు. పోయింది, ఇద్దరిని ఔట్ చేసింది, కప్పు మాదే. తిరిగొచ్చే బస్సులో "స్కోరెంత?" అని నన్ను అడిగింది. చెప్పా. కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పా. ములుగు రోడ్డు దాటకముందే ఇంకోసారి అడిగితే అందరం పడీపడీ నవ్వాం, గెలుపు మత్తు అనుకున్నాం. ఆ రాత్రి బాత్రూంలో వాంతి చేసుకుందని, నల్లా తిప్పి చప్పుడు వినపడకుండా చేసిందని ఆమె చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. పొద్దున రాష్ట్ర జట్టు సెలక్షన్ ఉండె. తల తిరుగుతుందంటే పేరు కొట్టేస్తారని నోరు మూసుకుంది. సెలక్షన్లోనూ పడింది. ఈసారి లేవడానికి సమయం పట్టింది. ఆ ఏడు పరీక్షల్లో ప్రశ్నపత్రం మీద అక్షరాలు ఈదుతున్నాయని ఏడ్చి బయటికొచ్చింది, డిగ్రీ పూర్తి కాలేదు. ఇప్పుడు మనవలున్నారు. పెళ్లిళ్లకు వస్తుంది కానీ బ్యాండు మోగగానే చెవుల్లో దూది పెట్టుకుని వంటలవాళ్ల దగ్గరికి పోయి కూర్చుంటుంది.

ఆమె మొండితనమే నీలోనూ ఉంది. ఏడో తరగతిలో మోచెయ్యి విరిగితే టోర్నీ ఆపేస్తారని చున్నీ కింద రెండు రోజులు దాచినదానివి! కట్టు కట్టేటప్పుడు నా వేలు పట్టుకుని ఒక్క కేక పెట్టలేదు, డాక్టరే నిన్ను చూసి తల పంకించాడు. అప్పుడు మురిసిపోయా. ఇప్పుడు అదే తలుచుకుంటే కాళ్లు చల్లబడుతున్నాయి.

హెల్మెట్ ఉంది కదా పెద్దమ్మా అంటావు. హెల్మెట్ పుర్రెను పగలకుండా కాపాడుతుంది. కొబ్బరికాయ ఊపితే లోపల నీళ్లు కదిలినట్టు మెదడు కదలడాన్ని అది పూర్తిగా ఆపలేదు. తలకే తగలనక్కర్లేదు, ఒంటికి గట్టిగా తగిలినా చాలు. తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, ఇందులో ఒక్కటున్నా ఆ రోజు మళ్లీ దిగొద్దు. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెట్టుమెట్టుగా తిరిగి రావాలి.

నీ వీడియోలు చూస్తూ ఒకటి కనిపెట్టా. ఈ ఆటలో ఎంత గొప్పవాళ్లయినా ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వస్తారు, ఊపిరి తీసుకుని మళ్లీ పోతారు. కూర్చోవడం సిగ్గుకాని ఆట దొరికింది నీకు. అట్లాంటప్పుడు తల తిరిగినరోజు కూర్చోవడానికి సిగ్గెందుకు?

క్యాంపులో నీ రూమ్మేటు నంబరు నాకు పంపు. నువ్వు దాచినా ఆ పిల్ల చెప్తుంది. ఇన్సూరెన్సు కాగితంలో తల దెబ్బలకు ఆసుపత్రి ఖర్చు ఉందో లేదో చూసి, లేకపోతే సంతకం పెట్టకుండా ఫోటో తీసి పెట్టు. కాజీపేటలో బండి ఎక్కే రోజు చెప్పు, సకినాలు పట్టుకుని స్టేషన్‌కు వస్తా. మీ నాన్నను కూడా లాక్కొస్తా.

మీ పెద్దమ్మ