పాఠకుల ప్రశ్నలు: పిల్లలను గమనించి రాసిన నోటుబుక్కుతో ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న గ్రామం. 11 ఏళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. మా కేంద్రంలో ప్రీస్కూలు పిల్లలు 24 మంది ఉన్నారు. ఇంత చిన్న పిల్లలకు పరీక్షలు పెట్టకూడదని, గమనించి రాయాలని శిక్షణలో చెప్పారు. అప్పటి నుంచి నోటుబుక్కులో రాస్తూనే ఉన్నాను. 'చురుకుగా ఉన్నాడు', 'బాగా పాల్గొంది', 'మాట్లాడదు' అని పేజీలు నిండాయి గానీ, దానివల్ల కేంద్రంలో ఏదీ మారలేదు. ఎలా రాస్తే ఉపయోగం ఉంటుంది?

జవాబు: మీరు ఉదహరించిన మూడు వాక్యాలూ తీర్పులే. ఆ తీర్పుకు రాకముందు మీ కంటికి ఏం కనబడింది, చెవికి ఏం వినబడింది అన్నది నోటుబుక్కులోకి ఎక్కలేదు. అందుకే నెల తర్వాత తిరగేసినా అందులో మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఇలా రాసి చూడండి: 'ఉదయం 10.30. గవ్వల బుట్ట దగ్గర. పెద్ద గవ్వలు ఒక వరుస, చిన్నవి ఒక వరుస పేర్చింది. మధ్యరకం గవ్వ ఒకటి తీసుకొని ఈ వరుసలో పెట్టి చూసింది, ఆ వరుసలో పెట్టి చూసింది, చివరకు విడిగా పెట్టి "ఇది దేంట్లోదీ కాదు" అంది.' ఇందులో పొగడ్త లేదు, విమర్శ లేదు. అయినా ఆ నాలుగేళ్ల పిల్ల పరిమాణాన్ని బట్టి వర్గీకరించగలదనీ, రెండు వర్గాలకూ చెందని వస్తువుకు మూడో చోటు కల్పించగలదనీ, ఆ ఆలోచనను మాటల్లో పెట్టగలదనీ చదివిన వారెవరికైనా తెలుస్తుంది. రేపు ఆ పిల్లకు ఏ ఆట ఇవ్వాలో కూడా అందులోనే ఉంది.

ప్రతిరోజూ అందరి గురించీ రాయాలని చూస్తే వారంలో విసుగొస్తుంది. రోజుకు ముగ్గురిని ముందే అనుకొని, స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో ఒక్కొక్కరిని అయిదారు నిమిషాలు చూసి, మధ్యాహ్న భోజనం లోపల నాలుగైదు వాక్యాలు రాయండి. సాయంత్రం దాకా ఆపితే జ్ఞాపకం తన సొంత కథ చెప్పడం మొదలుపెడుతుంది. 24 మంది పిల్లలకు ఇలా 8 పనిదినాలు పడుతుంది; నెలకు ఒక్కొక్కరి గురించి రెండు మూడు నోట్లు పోగవుతాయి. వాటితో పాటు పిల్లలు గీసిన బొమ్మలను తేదీ వేసి దాచండి. 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ (3 నుంచి 8 ఏళ్ల పిల్లల చదువు) జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం ఈ వయసు పిల్లల మదింపుకు ముఖ్యంగా చెప్పిన పద్ధతులు ఈ రెండే: పిల్లలను గమనించడం, వారు తయారు చేసిన వాటిని పరిశీలించడం.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. మనలో చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. నెలాఖరున పిల్లలు ఇళ్లకు వెళ్లాక ఆయాను కూడా పక్కన కూర్చోబెట్టుకొని నోట్లన్నీ ఒకేసారి చదవండి. ఈసారి ఒక్కొక్క పిల్లవాడి గురించి కాకుండా, మీ కేంద్రం గురించి ఆ నోట్లు ఏం చెబుతున్నాయో చూడండి. కొన్నేళ్ల కిందట పొదిలి వైపు ఒక కేంద్రంలో ఇలాగే కూర్చున్నప్పుడు, నెల మొత్తం మీద చెక్క దిమ్మెల ఆట గురించిన నోట్లలో ఒక్క ఆడపిల్ల పేరూ కనబడలేదు. ఆడపిల్లలకు దిమ్మెలంటే ఇష్టం ఉండదని అక్కడి టీచరు ఎంతో నమ్మకంగా చెప్పారు. లేచి చూస్తే దిమ్మెల పెట్టె గుమ్మం పక్కన, పెద్ద మగపిల్లలు రోజూ ఆక్రమించే చోట ఉంది. పెట్టెను తీసి వంటింటి ఆట సామాను పక్కన పెట్టాం, అంతే. తరువాతి నెల నోట్లలో ఆడపిల్లలు దిమ్మెలతో పొయ్యి కట్టారు, పొయ్యి చుట్టూ గోడ కట్టారు, గోడ కూలితే ఎందుకు కూలిందో పోట్లాడుకున్నారు. పరీక్ష పెట్టి ఉంటే ఆడపిల్లలకు మార్కులు తక్కువ వచ్చేవి, తప్పు పిల్లల మీదకు పోయేది.

అదే కట్టలో ఇంకొకటి బయటపడింది. పిల్లల మాటలు రాసిన చోటల్లా 'అవును', 'ఎరుపు', 'ఆవు' వంటి ఒంటి పదాలే ఉన్నాయి. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేకపోయింది. పెద్దలు అడిగినవన్నీ 'ఇదేం రంగు?', 'ఇదేం జంతువు?' తరహా ప్రశ్నలు. 'ఇది ఎందుకు పడిపోయింది?', 'నువ్వయితే ఏం చేస్తావు?' అని అడగడం అలవాటు చేసుకోవడానికి ఆ టీచరుకు చాలా రోజులే పట్టింది, ఆమె దాన్ని దాచుకోలేదు. అలాగే, ఎవరి పేరు మీద నోట్లు అందరికంటే తక్కువ ఉన్నాయో లెక్కపెట్టండి. అల్లరి చేయని, ఏడవని, అడగని పిల్లలు మన కంటికి ఆనరు. మీరు 'మాట్లాడదు' అని రాసిన పాప ఎక్కడ మాట్లాడదు, ఎవరి దగ్గర మాట్లాడదు అన్నది ఒక వారం చూసి రాయండి. ఇసుకలో ఆడేటప్పుడు ఆ పాపే గంటసేపు కబుర్లు చెబుతూ ఉండవచ్చు.

గమనించిన దానికి అర్థం చెప్పేటప్పుడు ఊరిని మరవకండి. మీ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. తండ్రి రోజంతా ఇంటి పట్టున ఉండే ఆ కాలంలో పిల్లవాడు కేంద్రానికి రానని మొండికేస్తే అది మీ బోధన లోపమో, వాడి ఎదుగుదల లోపమో కానక్కర్లేదు. అయితే పిలిస్తే పలకకపోవడం, కంట్లో కన్ను పెట్టి చూడకపోవడం వేర్వేరు రోజుల నోట్లలో పదేపదే కనబడితే ఆలస్యం చేయవద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడడానికి వచ్చే వైద్య బృందానికి ఆ నోట్లే చూపించండి, లేదా అంతకు ముందే మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు చెప్పండి. జబ్బు పేరు మాత్రం మీరు పెట్టవద్దు.

3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం 2024లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక 'ఆధార్‌శిల'లో ఏడాదికి 48 వారాల కృత్యాలు ఉన్నాయి: పిల్లలను అలవాటు చేయడానికి 4 వారాలు, నేర్పడానికి 36, నేర్చినదాన్ని గట్టిపరచడానికి 8. ఆ చివరి 8 వారాలు దేని మీద ఖర్చు పెట్టాలో మీ నోటుబుక్కు తప్ప మరెవరూ చెప్పలేరు.

ప్రశ్న: కందుకూరు ప్రాంతంలో సూపర్‌వైజరును. ఒకే కేంద్రాన్ని నేను చూసి 'బాగుంది' అంటాను, తోటి సూపర్‌వైజరు చూసి 'బాగాలేదు' అంటారు. పరిశీలన అన్నది చూసేవారి ఇష్టాన్ని బట్టి మారితే దాన్ని నమ్మి మార్పులు చేయడం ఎలా?

జవాబు: ఈ అనుమానం మీకే కాదు, ఈ రంగంలో పనిచేసిన వారందరికీ వచ్చినదే. అమెరికా పరిశోధకులు టెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో రూపొందించిన 'ఎకర్స్' అనే కొలబద్ద గానీ, అక్కడి వర్జీనియా విశ్వవిద్యాలయంలో తయారైన 'క్లాస్' అనే కొలబద్ద గానీ తరగతి గది నాణ్యతను 1 నుంచి 7 దాకా మార్కులతో కొలుస్తాయి. 'క్లాస్' వాడదలచినవారు శిక్షణ తర్వాత ముందే మార్కులు వేసి ఉంచిన వీడియోలు చూసి తామూ మార్కులు వేయాలి. కనీసం 80 శాతం అంశాల్లో ఒక్క మార్కు తేడాకు లోబడి ఉంటేనే అర్హత దక్కుతుంది. చూసే కన్నును ముందు సరిచేసుకోవాలన్నది అందులోని కిటుకు. ఆ కొలబద్దలను యథాతథంగా మన కేంద్రాలకు తేవాలని నేను అనను. ఒకే గదిలో, ఒక టీచరు, ఒక ఆయా, మూడు వయసుల పిల్లలు ఉండే చోట వాటిలోని కొన్ని అంశాలు అతకవు.

మీరిద్దరూ ఒకే కేంద్రంలో ఒకేసారి అరగంట కూర్చొని, ఒకరిది ఒకరు చూడకుండా రాసి, బయటికి వచ్చాక పోల్చుకోండి. 'టీచరు ప్రేమగా ఉంది' అని ఒకరు, 'లేదు' అని ఇంకొకరు రాస్తే, ఏం చూసి అలా రాశారో అడగండి. 'ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి లేచి వెళ్లిందా, కూర్చున్న చోటి నుంచే పిలిచిందా' అన్న ప్రశ్న మీద ఇద్దరికీ తేడా రాదు. అలాంటి ప్రశ్నలు పది పన్నెండు కుదిరితే మీ సెక్టారుకు, అంటే మీ కింద ఉన్న కేంద్రాలన్నిటికీ, అదే కొలబద్ద. ఒక్క జాగ్రత్త ఉంది: ఆ కాగితం మెమోగా మారిందా, మీరు వచ్చే రోజున ప్రతి కేంద్రంలోనూ చార్టులు వేలాడతాయి, పిల్లలు చేతులు కట్టుకొని కూర్చుంటారు, ఇక మీకు చూడడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: నెల్లూరులో మా అబ్బాయి యూకేజీ. ఒక ప్రైవేటు బడిలో మార్కులు, ర్యాంకు ఇచ్చారు. 31వ ర్యాంకు. నేనేం చేయాలి?

జవాబు: ర్యాంకు కార్డు సొరుగులో పెట్టేయండి. ఈ వయసుకు పరీక్షలు తగవని పైన చెప్పిన పాఠ్య చట్రమే అంటోంది. బడికి వెళ్లినప్పుడు జూన్‌లో మీ అబ్బాయి గీసిన బొమ్మ ఒకటి, ఈ నెల గీసినది ఒకటి చూపించమని టీచరు గారిని అడగండి. దాచలేదంటే ఈ రోజు నుంచే తేదీ వేసి మీరే ఇంట్లో దాచండి.