బీకో వండే ముందు కొబ్బరి పాల సంగతి

చిట్టితల్లీ,

దవావ్‌లో నీ తోటి పిల్లలకు బీకో చేసి పెడతానన్నావు. బీకో అంటే ఫిలిప్పీన్స్ వాళ్ల జిగురు బియ్యపు తీపి వంటకం, మన చక్కెర పొంగలికి దూరపు చుట్టం. అలాగని నెయ్యీ జీడిపప్పూ వేయకు, దాని రుచంతా కొబ్బరి పాలలోనే ఉంది.

డబ్బా పాలు వద్దు. విడిపోకుండా ఉండాలని చాలా డబ్బాల్లో జిగురు పదార్థం కలుపుతారు. పైన చల్లే లాతిక్ అనే కొబ్బరిపాల పలుకులకు మాత్రం పాలు విరిగితేనే పని. అక్కడి బజారులో ముదురు కొబ్బరికాయ కొంటే మిషన్‌ మీద కోరి ఇస్తారు. 2 కాయల కోరులో కప్పు గోరువెచ్చని నీళ్లు పోసి, బాగా పిసికి, పలచటి గుడ్డలో పిండు. ఇవి మొదటి పాలు, వాళ్ల మాటలో కాకాంగ్ గాటా. అదే కోరులో 2 కప్పుల నీళ్లు పోసి మళ్లీ పిండు. ఈ రెండు రకాల పాలనూ కలపకు. పిండిన రోజే వాడెయ్, ఆ ఎండలకు తొందరగా పులుస్తాయి.

మొదటి పాలను అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నని సెగ మీద పెట్టు. ముందు పొంగుతాయి, తర్వాత చిక్కబడతాయి, చివరికి నూనె తేలి విరుగుడు కింద చేరుతుంది. 30 నుంచి 40 నిమిషాలు పట్టొచ్చు. నూనె తేలిందంటే గరిట ఆపకూడదు. విరుగుడు లేత బంగారు రంగుకు రాగానే వడకట్టెయ్. ఎర్రబడేదాకా ఆగితే, దించాక కూడా నూనె వేడికి మాడి చేదెక్కుతుంది. ఈ గోధుమరంగు పలుకులే లాతిక్. మాట మాత్రం చూసి వాడు: ఇది తగలోగు భాష వాళ్ల పేరు, అక్కడి విసాయా భాష మాట్లాడేవాళ్లకు లాతిక్ అంటే కొబ్బరిపాల బెల్లం పాకం. నూనె పారబొయ్యకు.

2 కప్పుల జిగురు బియ్యాన్ని గంటసేపు నానబెట్టి, వంచేసి, ఒకటిన్నర కప్పు నీళ్లతో రైస్ కుక్కర్‌లో పెట్టు. వాసన కోసం వేసే పందాన్ ఆకు దొరికితే ముడి వేసి పడెయ్. అన్నం ఉడికాకే తీపి చేరాలి. ముందే చక్కెర వేస్తే నీటిని అదే లాక్కుంటుంది, ఎంత ఉడికించినా గింజలో పలుకు పోదు.

రెండో పాలలో ఒకటిన్నర కప్పు గోధుమరంగు చక్కెర, అర చెంచా ఉప్పు వేసి మరిగించు. పనూచా అనే బెల్లం అచ్చు దొరికితే అది ఇంకా మేలు. ఉప్పు మానకు, అది లేకపోతే తీపి వెగటు కొడుతుంది. గరిట నుంచి పాకం బద్ధకంగా జారేటప్పుడు అన్నం వెయ్యి. తీగపాకం దాకా పోనిస్తే చల్లారాక గట్టిపడి పంటికి పని చెబుతుంది. సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉండు. ముద్ద మూకుడు అంచులు వదిలితే అయినట్టే, సుమారు 15-20 నిమిషాల పని. చెయ్యి నొప్పి పుడుతుంది, తప్పదు.

అరిటాకును సెగ మీద వాడ్చి, పళ్లెంలో పరిచి, దాచిన నూనె రాయి. ముద్దను దానిమీద సర్ది, చల్లారాక కొయ్యి. లాతిక్ వడ్డించేటప్పుడే చల్లు, ముందే చల్లితే మెత్తబడిపోతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే బిరుసెక్కుతుంది, తినేముందు 10 నిమిషాలు ఆవిరి పట్టించు.

మీ పెద్దమ్మ